రీఫ్ ట్యాంక్ లైట్: కొనేది కోరల్స్ కోసమా, కళ్ల కోసమా?

ఇంట్లో రీఫ్ ట్యాంక్, అంటే ఉప్పునీటి అక్వేరియం పెట్టి అందులో కోరల్స్ (పగడాలు) పెంచాలనుకునేవారికి ట్యాంక్ తర్వాత పెద్ద ఖర్చు లైటే. ఎక్కువ పొరపాట్లు జరిగేదీ అక్కడే. ఎన్ని వాట్లు, ఎన్ని రంగుల ఎల్ఈడీలు, ఫోన్‌లో యాప్ ఉందా లేదా అని చూసి కొనేస్తారు. కోరల్ బతుకుతుందో లేదో ఆ మూడింట్లో ఏదీ తేల్చదు. ట్యాంక్‌లో ప్రతి మూలకూ చాలినంత వెలుగు, కాస్త సమంగా, చేరుతోందా అన్నది మొదట చూడాలి. ఎంత గాఢంగా పడుతోందన్నది రెండోది. రంగు సంగతి అన్నిటికంటే చివర. అమ్మకాల ప్రచారంలో మాత్రం ఈ వరస తలకిందులుగా ఉంటుంది, ముందు రంగే కనిపిస్తుంది.

కోరల్ జంతువే అయినా దానికి వెలుగెందుకంటే, దాని కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు ఉంటాయి. అవి కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసుకున్న ఆహారంలో చాలా భాగం కోరల్‌కు ఇచ్చేస్తాయి. మంచి వెలుగు ఉన్నచోట కోరల్‌కు కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా ఇలాగే సమకూరుతుంది. సున్నపు అస్థిపంజరం కట్టుకునే వేగం కూడా దీన్నిబట్టే ఉంటుంది. అన్ని పగడాలూ ఇలా కావు. ఉంగరాల్లో పొదిగే ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో గుహల్లాంటి మసక చోట్ల పెరుగుతుంది, దానిలో ఈ శైవలాలు లేవు. అక్వేరియం షాపుల్లో నారింజ రంగులో మెరిసే సన్ కోరల్‌దీ అదే తీరు. పేరులో సూర్యుడున్నా దానికి లైటుతో పనిలేదు, రోజూ తిండి మాత్రం పెట్టాలి.

శైవలాలు వాడుకునే వెలుగు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉంటుంది. ఆ పరిధిలోని కాంతి కణాలు చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడుతున్నాయో మైక్రోమోల్స్‌లో చెప్పే అంకెను హాబీలో అందరూ ‘పార్’ అంటారు. ఉష్ణమండల సముద్రం మీద మిట్టమధ్యాహ్నం ఇది 2000 దరిదాపుల్లో ఉంటుంది. ఇంట్లో అంత అక్కర్లేదు. మష్రూమ్‌లు, జోయాంథిడ్‌ల వంటి మెత్తటి రకాలకు 50 నుంచి 100 చాలు. హ్యామర్, టార్చ్, ఆకాన్ లాంటి పెద్ద పాలిప్‌ల (కోరల్‌లోని ఒక్కో చిన్న జీవిని పాలిప్ అంటారు) రాతి కోరల్స్‌ను ఎల్‌పీఎస్ అంటారు, వాటికి 80 నుంచి 150. అక్రోపోరా, మాంటిపోరా వంటి చిన్న పాలిప్‌ల ఎస్‌పీఎస్‌కు 200 నుంచి 350. ఇవి గీత గీసిన హద్దులేమీ కావు. ఒకే జాతి కోరల్ పైనున్న నీళ్లలో ఒకలా, లోతులో ఇంకోలా అలవాటుపడి ఉంటుంది. పాత ట్యాంక్‌లో అది ఏ వెలుగులో ఉండేదో అమ్మేవాళ్లను అడగడం జాతి పేరు అడగడం కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇక వాట్లు. వంటింట్లో ఎన్ని కిలోల బియ్యం వండారో తెలిసినంత మాత్రాన చివరి పంక్తిలో కూర్చున్నవాడి విస్తట్లో అన్నం పడిందో లేదో తెలియదు. వాట్ల లెక్కా అంతే. అలాగని దాన్ని పక్కన పడేయాల్సిన పనిలేదు, లైటు మరీ చిన్నదా, మరీ పెద్దదా అని అంచనా కట్టడానికి ఉపయోగపడుతుంది. ఒక 4 అడుగుల ట్యాంక్ తీసుకుందాం: 120 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు. పైనుంచి చూస్తే దాని వైశాల్యం 0.72 చదరపు మీటర్లు. సగటున 200 పార్ కావాలంటే సెకనుకు 144 మైక్రోమోల్స్ వెలుగు లోపలికి దిగాలి. మంచి ఎల్ఈడీ లైటు ఒక్కో వాటుకు సెకనుకు సుమారు 2 మైక్రోమోల్స్ ఇస్తుంది కాబట్టి కాగితం మీద 72 వాట్లు సరిపోవాలి. లెన్సుల్లో కొంత పోతుంది, నీటి ఉపరితలం మీద కొంత వెనక్కి తిరుగుతుంది, గదిలోకి కొంత చెదిరిపోతుంది, నీళ్లు కొంత మింగేస్తాయి. ఇవన్నీ కలిపి మూడో వంతు నుంచి సగం దాకా పోతుందనుకున్నా 110 నుంచి 145 వాట్లు. అక్రోపోరాల కోసం సగటును 300కి పెంచినా 160-215 వాట్ల దగ్గర ఆగుతుంది. అలాంటి ట్యాంక్ మీద 400 వాట్లు వేలాడదీసి, ఆనక యాప్‌లో 40 శాతానికి తగ్గించుకుని నడిపేవాళ్లు తక్కువేం లేరు.

ఎక్కువ ఉంటే నష్టమేంటి అని అడగొచ్చు. వెలుగు పెంచుతూ పోతే కిరణజన్య సంయోగక్రియ ఒక దశ వరకే పెరుగుతుంది. చాలా కోరల్స్‌లో 200-400 పార్ మధ్య ఎక్కడో ఆ దశ వచ్చేస్తుంది. ఆ పైన పడిన వెలుగును శైవలాలు వేడిగా మార్చి వదిలించుకుంటాయి. అదీ చేతకాని స్థితి వస్తే కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలు పుట్టుకొస్తాయి, కోరల్ తన శైవలాలను బయటికి నెట్టేస్తుంది. తెల్లబడడం అంటే అదే. లైటు చాలని కోరల్ గోధుమరంగుకి తిరిగి నెలల తరబడి బతికే ఉంటుంది, సరిచేసుకోవడానికి టైమ్ ఇస్తుంది. లైటు ఎక్కువైన కోరల్ కొద్ది రోజుల్లోనే పాలిపోతుంది. అందుకే సందేహం ఉన్నప్పుడు తక్కువ వైపు ఉండడమే నయం.

సగటు చెప్పని సంగతి

పైన లెక్కలో వాడిన సగటు అనే మాట కాస్త మోసపూరితమైనది. అదే 4 అడుగుల ట్యాంక్ మీద ఒకే ఒక్క గట్టి లైటును నడిమధ్యన, నీటికి 20 సెం.మీ. ఎత్తున వేలాడదీశారనుకోండి. సరిగ్గా దాని కింద, 15 సెం.మీ. లోతులో పార్ కొలిచే మీటరు 500 చూపించొచ్చు. సెన్సర్‌ను అదే లోతులో ఉంచి పక్కకు జరుపుతూ పోతే ట్యాంక్ కొస చేరేసరికి 80కి పడిపోతుంది. కాగితం మీద సగటు బాగానే ఉంటుంది. ట్యాంక్‌లో మాత్రం మధ్యనున్న కోరల్ మాడుతుంటుంది, కొసనున్నది పస్తుంటుంది. చాలామంది అప్పుడు కొసలో కోరల్ పెరగడం లేదని లైటు ఇంకా పెంచుతారు. మధ్యది చచ్చిపోతుంది.

దీనికి మందు పవర్ పెంచడం కాదు, వెలుగు పుట్టే చోట్లు పెంచడం. 200 వాట్ల లైటు ఒకటి పెట్టే బదులు 100 వాట్లవి రెండు, వాటి వెలుగులు ట్యాంక్ మధ్యలో ఒకదానిమీద ఒకటి పడేలా పెడితే కొసకీ మధ్యకీ తేడా బాగా తగ్గుతుంది. లైటును 10 సెం.మీ. పైకి లేపినా తేడా తగ్గుతుంది, కాకపోతే వెలుగు గదిలోకి చెదిరి కళ్లకు కొడుతుంది, హాల్లో కూర్చున్నవాళ్లు ఊరుకోరు. లెన్స్ కోణం కూడా చూసుకోవాలి. 80 డిగ్రీల సన్న లెన్స్ లోతైన ట్యాంకులకు బాగుంటుంది, 120 డిగ్రీలది వెడల్పాటి, లోతు తక్కువ ట్యాంకులకు నప్పుతుంది. ట్యాంక్ గోడలు శుభ్రంగా ఉంటే నీళ్లలోకి దిగిన వెలుగు అద్దం లోపలివైపు తగిలి తిరిగి లోపలికే మళ్లుతుంది. గోడలకు నాచు పట్టనిస్తే ఆ లాభం పోతుంది. కొత్త లైటు కోసం డబ్బులు పోగేసే ముందు స్క్రేపర్‌తో గోడలు గీకి చూడడం చవకైన పని.

వెలుగు ఒకే చుక్కలోంచి వస్తే నీడలూ గట్టిగా పడతాయి. కొమ్మలు వేసిన అక్రోపోరాను దగ్గర్నుంచి చూస్తే ఇది తెలుస్తుంది. పై కొసలు లేత నీలంగానో ఊదాగానో నిగనిగలాడుతుంటాయి. అదే కొమ్మకు కిందివైపు, ఇంకో కొమ్మ నీడ పడే చోట, రంగు మట్టిగా మారి ఉంటుంది. గుత్తి బాగా ఒత్తుగా పెరిగాక మొదలు దగ్గర కణజాలం పోయి తెల్ల ఎముక బయటపడుతుంది, కొన్నాళ్లకు దాని మీద నాచు ఎక్కుతుంది. నీళ్ల పరీక్షలన్నీ సరిగ్గా వచ్చినా ఇలా జరుగుతోందంటే నీడనీ, ఆ గుత్తి లోపలికి నీటి ప్రవాహం చేరకపోవడాన్నీ అనుమానించాలి.

మూడు రకాల లైట్లు

ఎల్ఈడీలు రాకముందు రీఫ్ ట్యాంకుల మీద రాజ్యమేలింది మెటల్ హేలైడ్. 150, 250, 400 వాట్ల బల్బులు. నీటి అలల మెరుపులు ట్యాంక్ అడుగున ఆడుతుంటే నిజంగా సముద్రంలోకి చూస్తున్నట్టుండేది. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ సంజయ్ జోషి సొంత ఆసక్తితో ఎన్నో రకాల బల్బులనూ, వాటికి కరెంటును అదుపుచేసి ఇచ్చే బాలాస్టులనూ కొలిచి ఫలితాలు ప్రకటించారు. డబ్బా మీద రాసిన వాట్లు ఒకటే అయినా బల్బు, బాలాస్ట్ జోడీని బట్టి వచ్చే వెలుగు చాలా మారిపోతుందని హాబీకి అంకెలతో అర్థమైంది అలాంటి కొలతల వల్లే. 10000, 14000, 20000 కెల్విన్ అంటూ రంగును చెప్పే అలవాటు కూడా ఆ బల్బుల కాలానిదే. నీలం ఎల్ఈడీలకు ఆ కెల్విన్ అంకె పెద్దగా అర్థం లేనిది, అయినా ప్రకటనల్లో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

మెటల్ హేలైడ్‌తో గొడవంతా వేడితోనే. రీఫ్ ట్యాంక్ నీళ్లు 25-26 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో రెండు 250 వాట్ల బల్బులు ట్యాంక్ మీద వెలిగిస్తే నీళ్లను చల్లబరిచే చిల్లర్ లేకుండా గడవదు. రోజుకు 8 గంటలకు బల్బులే 4 యూనిట్లు కాలుస్తాయి, నెలకు 120 యూనిట్లు. చిల్లర్ ఖర్చు వేరే. అదే 150 వాట్ల ఎల్ఈడీ అయితే నెలకు 36 యూనిట్లతో పోతుంది. మన వాతావరణంలో ఈ ఒక్క కారణంతోనే మెటల్ హేలైడ్‌ను పక్కన పెట్టేయవచ్చు.

టీ5 అంటే 16 మిల్లీమీటర్ల సన్నటి ట్యూబులు. 4 అడుగుల హై అవుట్‌పుట్ ట్యూబు 54 వాట్లు. ట్యాంక్ పొడవునా ఆరో ఎనిమిదో ట్యూబులు, ఒక్కోదానికి ఒక రిఫ్లెక్టర్. వెలుగును సమంగా పరచడంలో వీటికి సాటి లేదు, నీడలు దాదాపు పడవు. అక్రోపోరాలు ఒత్తుగా పెంచే జర్మన్ హాబీదారులు వీటిని అంత తొందరగా వదలకపోవడానికి కారణం ఇదే. కానీ ట్యూబులు 9 నుంచి 12 నెలలకోసారి మార్చాలి, కంటికి వెలుగుతున్నట్టే ఉన్నా అప్పటికి వాటి పస తగ్గిపోయి ఉంటుంది. పైగా పాదరసం కారణంగా యూరప్‌లో సాధారణ వెలుగు కోసం వాడే టీ5 ట్యూబులను 2023 ఆగస్టు నుంచి కొత్తగా మార్కెట్లోకి రానివ్వడం లేదు. ఇప్పుడు కొత్త ట్యాంక్ మొదలుపెట్టేవారు ట్యూబుల మీద పూర్తిగా ఆధారపడడం తెలివైన పని కాదు. ఉన్న టీ5 ఫిక్స్‌చర్ మధ్యలో ఎల్ఈడీలు కలిపే హైబ్రిడ్ పద్ధతి మాత్రం ట్యూబులు దొరికినన్నాళ్లు బాగుంటుంది.

మిగిలింది ఎల్ఈడీ. రేడియన్, హైడ్రా, కెసిల్ లాంటి పేరున్నవి ఉన్నాయి, నల్ల డబ్బాల్లా ఉండే చవక చైనా లైట్లూ ఉన్నాయి. చవకవాటి కిందా కోరల్స్ పెరుగుతాయి, అందులో సందేహం లేదు. ఖరీదులో తేడా ఎక్కువగా ఫ్యాన్ శబ్దం, వెలుగు పరిచే తీరు, మెల్లగా ఉదయించి మెల్లగా అస్తమించేలా పెట్టుకునే వీలు, పాడైతే విడిభాగాలు దొరకడం, వీటికే పోతుంది. ఉప్పు నీటి తుంపరలు, ఆవిరి సర్క్యూట్లను ఎంత త్వరగా తినేస్తాయో చూసినవాళ్లకు చివరిది చిన్న విషయంగా అనిపించదు.

రంగు దగ్గర కన్ను చేసే పొరపాటు

నీళ్లు ముందుగా మింగేది ఎరుపును. తేటనీళ్లలో కూడా 10 మీటర్ల లోతుకి ఎరుపు దాదాపు మాయమవుతుంది, నీలం మాత్రం చాలా లోతుకి వెళ్తుంది. కోరల్‌లోని శైవలాలు దానికి తగ్గట్టే ఉన్నాయి. వాటి క్లోరోఫిల్ ‘ఎ’, క్లోరోఫిల్ ‘సి2’, పెరిడినిన్ అనే వర్ణకాలు 420-500 నానోమీటర్ల ఊదా, నీలం వెలుగును బాగా పట్టుకుంటాయి. అందుకే రీఫ్ లైట్లలో నీలం ఎక్కువ. మొక్కలకు వాడినట్టు ఎరుపు దట్టించడం ఇక్కడ కుదరదు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో ఎర్రటి వెలుగు స్టైలోఫోరా అనే కోరల్ శైవలాల పనితీరును అణచివేస్తోందని తేలింది. లైటులో ఎరుపు, పచ్చ చానెల్స్ ఉంటే వాటిని కాస్తంత, చేపల రంగులు చూడ్డానికి సరిపడేంత ఉంచుకుంటే చాలు.

నీలానికి ఇంకో ఆకర్షణ ఉంది. కోరల్స్‌లో ఫ్లోరసెంట్ ప్రోటీన్లు ఉంటాయి, నీలం వెలుగు పడగానే అవి పచ్చగా, నారింజగా వెలిగిపోతాయి. గది చీకటి చేసి నీలం ఒక్కటే వెలిగిస్తే మామూలు జోయాంథిడ్ కూడా నియాన్ బోర్డులా కనిపిస్తుంది. సోషల్ మీడియాలో కనిపించే కోరల్ ఫొటోల్లో చాలావరకు ఇలా తీసి, లెన్స్ ముందు పసుపు ఫిల్టర్ పెట్టినవే. కొనేటప్పుడు తెల్ల లైటు వేసి చూపించమని అడగాలి. అక్కడ కణజాలం నిండుగా ఉందా, పలచగా ఉందా, ఎముక తొంగిచూస్తోందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

మెరుపంతా ఆరోగ్యం అనుకోవడానికీ లేదు. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీ కోరల్ ల్యాబ్ 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, శైవలాలు పోగొట్టుకున్న కొన్ని కోరల్స్ తెల్లబడకుండా ఉన్నట్టుండి మిరుమిట్లుగొలిపే రంగుల్లోకి వస్తాయి. శైవలాలు లేక నీలం వెలుగు కణజాలంలో ఎక్కువగా తిరుగుతుంది, దానికి స్పందనగా రక్షణ కోసం రంగు ప్రోటీన్లు ఎక్కువ తయారవుతాయి. అంటే ట్యాంక్‌లో ఒక కోరల్ వారంలో అనూహ్యంగా రంగెక్కితే ఫొటో పెట్టే ముందు లైటు ఎక్కువైందేమో చూసుకోవాలి. అదే ల్యాబ్ 2013లో ఇంకో విషయం చూపింది: నీళ్లలో నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ అడుగంటితే వెలుగూ వేడీ తట్టుకునే శక్తి కోరల్‌కు తగ్గుతుంది. కోరల్ పాలిపోయిన ప్రతిసారీ నేరం లైటు మీద వేయకుండా ఫాస్ఫేట్ టెస్ట్ కూడా చేయమనడం ఇందుకే.

కన్ను మోసపోయే చోటే ఫోన్ కూడా మోసపోతుంది. ఉచితంగా దొరికే లక్స్ మీటర్ యాప్‌లతో రీఫ్ లైటు కొలిచి చాల్లేదని కంగారుపడేవాళ్లున్నారు. లక్స్ అనేది మనిషి కంటికి తగ్గట్టు కట్టిన కొలత. 555 నానోమీటర్ల పచ్చటి వెలుగుకు 100 మార్కులు వేస్తే, అంతే శక్తి ఉన్న 450 నానోమీటర్ల నీలానికి 4 మార్కులు కూడా వేయదు. కోరల్ ఎక్కువగా తినేది ఆ నీలాన్నే. నీళ్లలో ముంచి పార్ కొలిచే క్వాంటమ్ సెన్సర్ ఒక్కటే నమ్మదగినది. అపోజీ కంపెనీ మీటర్లు ఇందుకు బాగా వాడుకలో ఉన్నాయి, వాటిలోనూ పాత మోడళ్లు నీలాన్ని కొంత తక్కువ చూపించేవి, తర్వాతి ఫుల్ స్పెక్ట్రమ్ మోడళ్లలో అది సరైంది. ఖరీదు ఎక్కువ కాబట్టి అమెరికాలో హాబీ క్లబ్బులు, కొన్ని షాపులు అద్దెకిస్తాయి. మన దగ్గర నలుగురైదుగురు హాబీదారులు కలిసి ఒకటి కొనుక్కుని వంతులవారీగా వాడుకోవడం నయం. ఏడాదికి రెండుమూడు సార్లకు మించి దాంతో పని పడదు.

ఇండియాలో ఉంటే లెక్క మారుతుంది

మన దేశంలో లైటు సైజును సగం చట్టమే నిర్ణయిస్తుంది. రాతి కోరల్స్ అన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో తీసిన అక్రోపోరా ముక్కను ఎవరైనా చాటుగా అమ్మజూపితే అది కొనడమూ నేరమే. మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లు, లెదర్ కోరల్స్ ఆ జాబితాలో లేవు. కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖలోనో పెట్టే మెత్తటి కోరల్స్ ట్యాంక్‌కు 350 పార్ ఇచ్చే లైటు దేనికీ అక్కర్లేదు. ముందు చెప్పిన 4 అడుగుల ట్యాంకే అయినా సగటున 80 పార్‌కు సెకనుకు 58 మైక్రోమోల్స్ చాలు, నష్టాలన్నీ కలుపుకున్నా 45-60 వాట్లు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ షాపులో ఫార్మ్‌లో పెంచిన అక్రోపోరా ముక్కలు కొనుక్కునే తెలుగువారు చూసే వీడియోలు వేరు, ఇక్కడివారి అవసరం వేరు. ఆ వీడియోలు చూసి ఇక్కడ లైట్లు తెప్పించుకోవడం వల్లే మష్రూమ్‌లు గుండీల్లా ముడుచుకుపోతున్నాయి.

మిగిలిన డబ్బుతో ఏం చేయాలంటే, నీళ్లను కదిలించే వేవ్ పంప్‌కు ఒక ఇన్వర్టర్ కొనడం మంచిది. కరెంటు పోయినప్పుడు ఒకట్రెండు రోజులు వెలుగు లేకపోయినా కోరల్స్ తట్టుకుంటాయి. నీళ్లు కదలక ఆక్సిజన్ పడిపోతే కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికొస్తుంది.

లైటు ఎంత సేపు వెలగాలన్నది కూడా మొత్తం లెక్కలో భాగమే. 200 పార్ 8 గంటలు ఇచ్చినా, 150 పార్ 10 గంటల 40 నిమిషాలు ఇచ్చినా రోజు మొత్తం మీద కోరల్‌పై పడే కాంతి కణాలు సమానమే. రెండో పద్ధతిలో కోరల్‌కు ఒక్కసారిగా మీద పడే భారం తక్కువ. ఆఫీసు నుంచి రాత్రి 8కి ఇంటికొచ్చేవాళ్లు లైటును మధ్యాహ్నం మొదలుపెట్టి రాత్రి 10-11 దాకా సాగదీయొచ్చు, కోరల్‌కు గడియారంతో పట్టింపు లేదు. రోజూ ఒకే వేళ ఉంటే, ఆ తర్వాత పూర్తి చీకటి ఉంటే చాలు. రాత్రంతా వెలిగే గట్టి నీలం ‘మూన్‌లైట్’ మాత్రం వద్దు.

పాత లైటు తీసి కొత్తది బిగించేటప్పుడు ముందు పాతదాని కిందే మీటరుతో ఒక్కో కోరల్ దగ్గర ఎంత ఉందో రాసుకోవాలి. కొత్త లైటును అదే అంకె వచ్చేదాకా తగ్గించి మొదలుపెట్టాలి, పెంచాలనుకుంటే వారానికి 5-10 శాతం మించకూడదు. మీటరు దొరకనివాళ్లు 30-40 శాతం దగ్గర మొదలుపెట్టి నెలా, నెలన్నర తీసుకోవడం క్షేమం. ఈలోగా జోయాంథిడ్‌లు కాడలు సాగదీసి పైకి లేస్తుంటే వెలుగు చాలడం లేదని, కోరల్ లేతబడి పాలిప్‌లు విప్పకపోతే ఎక్కువైందని లెక్క. ఎక్కువైందని తోస్తే రెండు వారాల కిందటి స్థాయికి దించి, కోరల్‌ను అటూ ఇటూ కదపకుండా అక్కడే ఉంచాలి. రోజుకో చోటికి మార్చి చూసేవారి దగ్గర దేనివల్ల కోలుకుందో, దేనివల్ల పోయిందో తేలదు.